టేబుల్ మీద చేతి పెడల్: రెండు జీ క్లాంపులు ఉంటేనే కొనండి

నాలుగు కాళ్ల ఇనుప ఫ్రేము, రెండు పెడళ్లు, బిర్రు పెంచే నాబ్, అంకెల మీటరు. కడపలో రెండు వేలలోపే దొరికే చిన్న పెడల్ యంత్రం ఇది. పెట్టె మీద బొమ్మలో కాళ్లతో తొక్కుతుంటారు గానీ, వెన్నుపాము దెబ్బతిని వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకు ఇది పనికొచ్చేది టేబుల్ మీద, చేతులతో.

బిగించేటప్పుడే జాగ్రత్త. ఎడమ పెడల్ మర ఉల్టా. కుడిదానిలాగే తిప్పితే మర తెగుతుంది, షాపువాళ్లు వెనక్కి తీసుకోరు.

అసలు తంటా జారడం. కడప బండ పలక మీదైనా సన్‌మైకా మీదైనా దీని రబ్బరు బూట్లు నిలవవు. కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి, కార్పెంటర్లు వాడే జీ క్లాంపులు రెండు వేస్తే కదలదు. ఇరుసు భుజం ఎత్తులోనో, కాస్త కిందనో ఉండాలి. పెడల్ బాగా దూరం పోయినప్పుడు కూడా మోచేయి కొంచెం వంగే ఉండాలి. ఎత్తు తప్పితే భుజం పట్టేస్తుంది, ఆ భుజమే పోతే మంచం మీంచి కుర్చీలోకి మారడమూ కష్టమే. వీల్‌చెయిర్ బ్రేకులు వేయండి. నడుము నిలవనివాళ్లు ఛాతీకి వెడల్పాటి బెల్టు కట్టుకోవాలి.

లోపల ఇరుసును ఒక పట్టీ నొక్కి పడుతుంది. పది నిమిషాలకు అది వేడెక్కి బిర్రు మారిపోతుంది. అందుకే మీటరు అంకెలు వదిలేయండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే కొలత. టీ-6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస స్థాయి), ఆపైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు నాడి వేగం పెద్దగా పెరగదు కాబట్టి దాన్నీ నమ్మలేం. వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున చేయాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల కనీస లెక్క. కండబలానికి వేరే కసరత్తు ఉండాల్సిందే. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి వెనక్కి లాగడం అందులో ఒకటి.

మన ఎండల్లో తెల్లారకముందే చేయండి. వెన్నుపాము దెబ్బతిన్నచోటుకు కింది ఒంట్లో చెమట సరిగా పట్టదు, మెడ మీద తడి తువ్వాలు ఉండాలి. యూరిన్ బ్యాగు ముందే ఖాళీ చేయాలి. టీ-6, ఆపైన దెబ్బ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి తలపోటు, ముఖం ఎర్రబడటం కనిపిస్తే ఆపేసి, నిటారుగా కూర్చోబెట్టి, యూరిన్ ట్యూబు మడతపడిందేమో చూడాలి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికే.

పిడికిలి బిగియనివాళ్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేం. పెడల్ పట్టీ చెప్పుకోసం చేసింది, చేతికి క్రేప్ బ్యాండేజీ చుట్టినా అంచులు గీసుకుంటాయి, స్పర్శ లేని వేళ్లకు అది తెలియదు.

మూడు స్టార్లు. క్లాంపులు పెట్టెలోనే ఇచ్చి ఉంటే నాలుగు.