మాగడం వేరు, ఉడికిపోవడం వేరు: తిరుపతి ఎండల్లో జేకబ్స్ క్రీక్ షార్డొనే

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న కొట్లో అసలు వైనుకు దక్కేది ఒక మూల అర. అందులోనూ ఎర్ర సీసాల వెనక నలిగి కూర్చునేది తెల్లది. ఆ మూల కనిపించే దిగుమతి సీసాల్లో చవక వరసకు చెందింది జేకబ్స్ క్రీక్ షార్డొనే. షార్డొనే అన్నది తెల్ల ద్రాక్ష రకం, జేకబ్స్ క్రీక్ అన్నది దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో ఉన్న ఒక వాగు పేరు. 1847లో జర్మనీ నుంచి వలస వచ్చిన యోహాన్ గ్రాంప్ ఆ వాగు ఒడ్డున ద్రాక్ష నాటాడు. అలాగని సీసాలోని ద్రాక్షంతా ఆ ఒడ్డుదే అనుకోవద్దు. లేబుల్ మీద ‘సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా’ అని ఉంటుంది, అంటే చాలా విశాలమైన ప్రాంతం నుంచి పోగు చేసిన పండు. ఏటా ఇంచుమించు ఒకే రుచి రావాలన్నదే ఈ పద్ధతి ఉద్దేశం. సీసా వెల రాష్ట్రానికో పన్నుతో మారుతుంది కాబట్టి ఎంఆర్‌పి చూసి ఇవ్వండి.

తీర్పు ముందే చెప్పేస్తాం. పంట ఏడాది నుంచి మూడేళ్ల లోపు సీసా అయితే, సరైన కూర పక్కన పెడితే, పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేస్తుంది. నాలుగో ఏట మన ఎండల్లో అది జూదం. ఐదో ఏటి సీసాను డిస్కౌంటులో ఇస్తామన్నా తీసుకోకండి.

ఏళ్లు లెక్కపెట్టడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆస్ట్రేలియా భూగోళపు దక్షిణ సగంలో ఉంది కాబట్టి అక్కడ ద్రాక్ష కోత సుమారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. 2024 అని వేసిన ఈ సీసా, అదే 2024 అని వేసిన ఫ్రాన్స్ సీసా కంటే అర్ధ సంవత్సరం పెద్దది. ఫ్రాన్స్ కోతలు ఆగస్టు చివర నుంచి మొదలవుతాయి మరి. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం లేబుల్ మీద ఏడాది వేస్తే కనీసం 85 శాతం ద్రాక్ష ఆ ఏడాదిదే అయి ఉండాలి. ఏడాది లేని వైట్ వైన్ సీసా ఏదైనా సరే, వయసు తెలియని సరుకు కిందే లెక్క.

రుచి సంగతికి వద్దాం. చిత్తూరు జిల్లా వాళ్లకు షార్డొనే వయసు వివరించడానికి మామిడిని మించిన కొలబద్ద లేదు. ఏడాది, ఏడాదిన్నర సీసా అంటే చెట్టు మీద రంగు తిరుగుతున్న తోతాపురి. తెల్ల కాగితం ముందు గ్లాసు వంచి చూస్తే పలచటి వేరుశెనగ నూనె రంగు, అంచున లేత పచ్చని ఛాయ. వాసనలో నిమ్మతొక్క, కర్బూజా, ఇంకా గట్టిగా ఉన్న పీచ్ పండు. నోట్లో పెట్టగానే పులుపు ముందు పలకరిస్తుంది, తయారీలో వైన్‌కు తగిలించిన ఓక్ చెక్క తాలూకు వెనిలా వెనక నిలబడుతుంది. ఈ వయసులో పులుపూ పండూ చెక్కా ఇంకా కలిసిపోవు, ఎవరి దారి వాళ్లది. అయినా అన్నం పక్కన ఈ పులుపే పనికొస్తుంది.

రెండు నుంచి మూడేళ్ల మధ్య సీసా మాగిన పండు. రంగు నువ్వుల నూనె వైపు జరుగుతుంది. రెడ్ వైన్ వయసుతో వెలవెలబోతే వైట్ వైన్ ముదురు రంగు తిరుగుతుంది, రెండూ ఎదురెదురు దారులు. నిమ్మ వాసన తగ్గి ఆ చోట పండిన పీచ్, కాస్త తేనె, వేయించిన జీడిపప్పు వస్తాయి. పులుపు అంకెల్లో పెద్దగా తగ్గకపోయినా మొన తగలదు. నెయ్యి, వెన్న లాంటి జిడ్డుదనం నాలుక మధ్యలో తెలుస్తుంది. మా లెక్కలో సీసాకు పెట్టిన డబ్బు ఈ ఘట్టానికే. ఇంతకు మించిన లోతు ఈ ధరలో ఆశించడం అత్యాశ.

నాలుగో ఏడు దాటాక పండు వాసన వెళ్లిపోతుంది. మిగిలేది ఎండిన తాండ్ర, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క, చేదు అంచు. చల్లగా, చీకట్లో కదలకుండా ఉన్న సీసా అయితే ఈ తాండ్ర వాసనలో కూడా ఒక అందం ఉంటుంది, కాదనం. కానీ ఫ్రాన్స్ బర్గండీలో పదేళ్లు నిలిచే షార్డొనేలకు అంత ఆయుష్షు ఎలా వచ్చిందో చూడండి. చల్లటి నేలలో పండిన ద్రాక్షలో పులుపు ఎక్కువ, ఎకరాకు పండు తక్కువ, రసం చిక్కన. చవక సీసాకు ఆ మూడు గుణాలూ ఉండవు. తయారు చేసినవాళ్లు దాన్ని ఇప్పుడు తాగడానికే చేశారు.

పులుపు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు ఇది ఇంట్లో వస్తువే. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్, మన చింతపండుకు పులుపు ఇచ్చేదీ అదే. ద్రాక్షలో రెండోది మాలిక్, పచ్చి ఆపిల్‌లో కొరికేది. షార్డొనే తయారీలో చాలాచోట్ల బ్యాక్టీరియా చేత ఈ మాలిక్‌ను లాక్టిక్‌గా, అంటే పెరుగు పులుపుగా మారుస్తారు. ఆ పనిలో పుట్టే డైఎసిటైల్ అన్న పదార్థమే వెన్న వాసనకు మూలం. అందుకే షార్డొనే తాగుతూ ‘పెరుగూ వెన్నా గుర్తొస్తున్నాయి’ అని ఎవరైనా అంటే నవ్వకండి, ముక్కు సరిగ్గానే పనిచేస్తోంది. ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉన్న సీసా అడుగున పటికబెల్లం నూక లాంటి పలుకులు కనిపిస్తే అది ఆ టార్టారిక్ ఆమ్లపు ఉప్పే. చలికి గడ్డకట్టింది, అంతే. గాజు ముక్కలనుకుని పారబోయక్కర్లేదు. చివరి అరంగుళం సీసాలోనే వదిలేసి మిగతాది వంచుకుంటే సరి.

ఇప్పుడు అసలు సమస్య. వైన్ నిల్వకు సరైన వేడి 12 నుంచి 14 డిగ్రీలు. మే నెలలో తిరుపతి 40 దాటుతుంది, ఏసీ ఆపిన కొట్లో రాత్రి కూడా 30కి తగ్గదు. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. ఆ లెక్కన 34 డిగ్రీల గదిలో సీసా నాలుగు రెట్లు వేగంగా ముదురుతుంది. అయితే అన్ని చర్యలూ ఒకే లెక్కలో పరిగెత్తవు, చిక్కంతా అక్కడే. రంగు మాడడం, వైన్ పాడవకుండా కాపలాకు వేసిన సల్ఫర్ డయాక్సైడ్ తరిగిపోవడం ముందు పరిగెత్తుతాయి. తేనె, జీడిపప్పు వాసనలు మాత్రం అంత తొందరగా తయారు కావు. గడ్డిలో వేసి మాగబెట్టిన మామిడికీ, ఆవిరి మీద ఉడికించిన మామిడికీ ఎంత తేడానో ఇదీ అంతే. ఉడికిన సీసా వాసనలో పండు ఉండదు, ముద్దగా ఉడికిన కూరగాయల నీళ్లు, మాడిన చక్కెర ఉంటాయి.

కార్కు సీసా అయితే వేడికి ద్రవం ఉబ్బి కార్కు పైకి లేస్తుంది, మెడ దగ్గర జిగట కనబడుతుంది. ఈ సీసాకు మెలితిప్పే మూత. గాలి చొరబడకుండా కాపాడే విషయంలో అది కార్కు కంటే మేలు, కానీ లోపల జరిగిన నష్టాన్ని బయటకు చెప్పదు. కాబట్టి కొనేటప్పుడు కొట్టు వైపు చూడండి. సీసా పై అరలో ట్యూబ్‌లైట్ కింద ఉందా, కిటికీ ఎండ పడుతోందా, అట్టపెట్టెలో నేల దగ్గర ఉందా? పెట్టెలోంచి తీసి ఇమ్మని అడగడం తప్పేమీ కాదు. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఒకే ఏడాది రెండు సీసాల్లో రంగు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. పలచటి ఆకుపచ్చ గాజు వెలుతురును పూర్తిగా ఆపదు. ఎక్కువ వెలుతురు తగిలిన వైట్ వైన్‌కు ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు కారు డిక్కీ ప్రమాదం. మే ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలు మామూలు, ఆ వేడికి పండు వాసన దెబ్బతింటుంది. కొండకు వెళ్లే దారిలో అయితే అసలు కొననే వద్దు. తిరుమలలో మద్యం పూర్తిగా నిషేధం, అలిపిరి దగ్గర బండ్లన్నీ తనిఖీ చేస్తారు.

నిల్వకు ప్రత్యేక వైన్ ఫ్రిజ్ అక్కర్లేదు. ఇంటి ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల పెట్టె చాలు, మిగతా అరల కంటే అక్కడ చలి కొంచెం తక్కువ, చీకటి ఎక్కువ. తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా వేడిగాలీ కుదుపూ తగులుతాయి. మూత మెలితిప్పేది కాబట్టి పడుకోబెట్టినా నిలబెట్టినా ఒకటే. వంటింటి అటక, బీరువా పైభాగం, మంచం కింద, ఇవేవీ ఏప్రిల్ దాటాక పనికిరావు. వయసుతో రుచి ఎలా మారుతుందో చూడాలని ఉంటే ఒకే ఏడాది సీసాలు మూడు కొని, మూడూ కూరగాయల పెట్టెలోనే పెట్టి, ఎనిమిది నెలలకు ఒకటి చొప్పున తీయండి. మూత మీద కొన్న తేదీ రాసుకోండి. వేర్వేరు ఏళ్ల సీసాలు కొని పోల్చితే కొట్టు నిల్వ తేడా తెలుస్తుంది తప్ప వైన్ వయసు తెలియదు.

వడ్డించేటప్పుడు 10 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్ చలి నాలుగైదు డిగ్రీలు, అంత చల్లగా తాగితే వాసన మూసుకుపోయి వట్టి పులుపు మిగులుతుంది. తాగే ముందు కాసేపు బయట పెట్టండి, చలికాలంలో ఎక్కువసేపు, వేసవిలో తక్కువసేపు. గది వేడిలో ఉన్న సీసాను హడావిడిగా చల్లార్చాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు. 25 నిమిషాల్లో పని అయిపోతుంది. వట్టి ఐసులో ఆలస్యం, నీళ్లుంటేనే సీసా చుట్టూ చలి అంటుకుంటుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే గడ్డకట్టి మూత లేస్తుంది. స్టీలు లోటాలో పోస్తే రంగు కనపడదు, వాసన పోగవదు. పైకి పోనుపోను మూతి సన్నబడే గాజు గ్లాసులో మూడో వంతు పోయండి. 750 మిల్లీలీటర్ల సీసా అంటే ఆరు గ్లాసులు.

ఇక భోజనం. షార్డొనే కొబ్బరి, నెయ్యి, పప్పు జిడ్డును ఇష్టపడుతుంది, మిరపకాయను ద్వేషిస్తుంది. కారం, ఆల్కహాలు రెండూ నోట్లో వేడిని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి, ఒకదాని మంటకు మరొకటి ఆజ్యం పోస్తుంది. దానికి ఓక్ చెక్క చేదు తోడైతే గ్లాసు పక్కన పెట్టేయాల్సిందే. రాగి సంగటి, నాటుకోడి పులుసు జోడీకి అందుకే ఈ సీసా సరిపడదు. సంగటితో పేచీ లేదు, పులుసులో ఉన్న కారంతోనే. అదే నాటుకోడిని మిరియాలు, కొబ్బరి పాలతో వండితే మూడేళ్ల సీసా బ్రహ్మాండంగా కలుస్తుంది.

ఈ ప్రాంతపు వంటల్లో షార్డొనేకు పుట్టింటి బంధువు పితికిపప్పు. సంక్రాంతి ముందు అనపకాయలు వచ్చే రోజుల్లో గింజలు నానబెట్టి, తోలు పితికి, కొబ్బరి, గసగసాలు, దాల్చినచెక్క నూరి చేసే కూర. గింజ వెన్నలా ఉంటుంది, మసాలా తియ్యగా ఉంటుంది, పులుపు దాదాపు ఉండదు. రెండున్నరేళ్ల సీసాలోని జీడిపప్పు వాసన గసగసాలతో అల్లుకుపోతుంది. మిరపకాయలు మామూలు కంటే సగానికి తగ్గించి చేయండి. డిసెంబరు, జనవరిలో గదీ చల్లగా ఉంటుంది, గ్లాసు తొందరగా వేడెక్కదు.

అలసంద వడలు వేడిగా, కొబ్బరి చట్నీతో తింటుంటే చిన్న వయసు సీసా మేలు, నూనెను దాని పులుపు కోస్తుంది. జీలకర్ర వేసిన ఉర్లగడ్డ వేపుడు, నెయ్యి దోశ, పలచగా ఉప్పు మిరియం రాసి వేయించిన కొరమీను, వీటన్నిటికీ కూడా ఏడాదిన్నర సీసాయే. ఊరిబిండి మీద మాకు ఆశ ఉండేది, శెనక్కాయ జిడ్డుంది కదా అని. కానీ అందులో చింతపండు వైన్ పులుపును మింగేస్తుంది, గ్లాసులో చప్పటి నీళ్లున్నట్టు అనిపిస్తుంది. పులిహోరతోనూ ఇదే ఇబ్బంది. కూర వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ ఓడిపోతుంది, వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్ పుల్లబడుతుంది. ఓళిగలు, పాయసం వడ్డించేలోపు గ్లాసులు తీసేయండి.

తెరిచిన సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. సగం సీసా ఖాళీ అయితే మిగిలినదాన్ని కడిగి ఆరబెట్టిన చిన్న సీసాలోకి మూతి దాకా పోసి మూసేయండి, లోపల గాలి లేకపోతే ఇంకో రెండు రోజులు కలిసొస్తాయి. కోసిన ఆపిల్ వాసన మొదలైతే తాగడం మానేసి, పుట్టగొడుగులు నెయ్యిలో వేయించేటప్పుడు అర గ్లాసు పోసి ఆవిరి పోయేదాకా మరిగించండి. సాంబారులో మాత్రం పోయకండి, అక్కడ చింతపండు ఉండగా దీని అవసరం లేదు.