ఓల్డ్ ఐరన్ టౌన్, యూటా: ఒక పూట తీసి పెట్టుకోండి

వేగస్ నుంచి జయాన్, బ్రైస్ కాన్యన్ ట్రిప్ వేసే మనవాళ్ళు చాలామంది సీడర్ సిటీలో గ్యాస్ కొట్టించుకుని వెళ్ళిపోతారు. మేమూ రెండుసార్లు అలాగే వెళ్ళాం. ఈసారి నాన్నగారు ఇండియా నుంచి వచ్చారని రెండు రాత్రులు అక్కడే ఉన్నాం.

ముందు ఊళ్ళోని ఫ్రాంటియర్ హోమ్‌స్టెడ్ మ్యూజియం చూడండి, లేకపోతే ఓల్డ్ ఐరన్ టౌన్ అనే పాత ఇనుప ఊరి రాళ్ళు అడవిలో ఎందుకున్నాయో అర్థం కాదు. తూర్పు రాష్ట్రాల నుంచి ఇనుము బండ్ల మీద రావాలంటే విపరీతమైన ఖర్చు, అందుకే మోర్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ ఇనుము తీయడానికే కొన్ని కుటుంబాలను ఇటు పంపాడు, వాళ్ళు 1851 జనవరిలో, గడ్డకట్టే చలిలో వచ్చి దిగారు. 1852 సెప్టెంబర్‌లో మొదటి ఇనుము కరిగింది. మరుసటి ఏడాదే వరద, ఆదివాసీలతో గొడవలు, ఆ తర్వాత బట్టీతో ఎన్ని తంటాలు పడ్డా నిలదొక్కుకోలేక 1858లో మూసేశారు. అప్పటి ఇనుముతో 1855లో పోతపోసిన గంట ఈ మ్యూజియంలో ఉంది, దాని ముందు కాసేపు నిలబడండి.

ఓల్డ్ ఐరన్ టౌన్ రెండో ప్రయత్నం. 1868లో మొదలైంది. సీడర్ సిటీకి పడమర హైవే 56 మీద సుమారు 20 మైళ్ళు వెళ్ళి పక్కదారి పట్టాలి. మాకు ఫోన్ సిగ్నల్ మధ్యలోనే పోయింది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నీళ్ళు, తిండి వెంట ఉండాలి. మేం పులిహోర కట్టుకెళ్ళాం.

1870 లెక్కల్లో ఇక్కడ 97 మంది. బడి, పోస్టాఫీసు కూడా ఉండేవి. ఇప్పుడు మిగిలింది బట్టీ చిమ్నీ, కూలిన గోడలు, తేనెపట్టు ఆకారంలో రాళ్ళతో కట్టిన బొగ్గుబట్టీ. ఆ బొగ్గుబట్టీ కోసమైనా వెళ్ళాల్సిందే! చుట్టూ ఉన్న జునిపర్, పైన్ చెట్లు కొట్టి, లోపల పేర్చి, గాలి సరిగా ఆడనివ్వకుండా నెమ్మదిగా కాల్చి బొగ్గు చేసేవారు, ఇనుప రాయి కరగడానికి అదే ఆధారం. లోపలికెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, ఎండలోంచి వచ్చినా రాయి చల్లగా తగిలింది.

నాన్నగారు బయట నేల మీద గాజులా మెరుస్తున్న నల్లటి ముక్క చూసి వంగి, "ఇది చిట్టెం రా, మన కోనసముద్రం దగ్గర పొలాల్లో ఇట్లాంటివే దొరికేవి" అన్నారు. చిట్టెం అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి. మాది నిజామాబాద్ జిల్లా, ఒకప్పుడు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆయన ముక్కను తీయలేదు. మీరూ తీయకండి, ఇది రక్షిత స్థలం.

1869లో రైలు యూటా దాకా వచ్చాక తూర్పు ఇనుము చౌకైంది, 1873లో దేశమంతా ఆర్థిక సంక్షోభం, 1876 కల్లా బట్టీ ఆరిపోయింది. ఊరు ఖాళీ అయింది.

బస మాత్రం సీడర్ సిటీలోనే. ఫ్రీవే పక్కన మేం దిగిన మోటెల్‌లో రాత్రంతా ట్రక్కుల మోతకు నాన్నగారికి నిద్ర లేదు, గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. రెండో రాత్రి ఊరి మధ్యలో చిన్న ఇల్లు తీసుకున్నాం, అద్దె కాస్త ఎక్కువే కానీ వంటగది ఉంది, పొద్దున ఉప్మా చేసుకుని జయాన్ పార్కులోనే ఉన్న కోలోబ్ కాన్యన్స్‌కి బయల్దేరాం.