చెరువు నీళ్ల టెస్ట్ కిట్: ఫాస్ఫేట్ దగ్గరే తంటా

పరకాల దగ్గర మా సొసైటీ చెరువులో రవ్వ, బొచ్చె చేపలు పెంచుతున్నాం. ఈ కిట్‌లో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), ఆక్సిజన్ పరీక్షలు బాగున్నాయి. కానీ ఒక్క పూట చూస్తే లాభం లేదు. నాచు ముదిరిన నీళ్లలో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటొచ్చు, ఆక్సిజన్ దండిగా కనిపిస్తుంది. తెల్లవారుజామున అదే ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఈ ముక్క కిట్ కాగితంలో ఎక్కడా లేదు! ఫాస్ఫేట్ పరీక్ష మాత్రం దండగ, నీళ్లకు వచ్చిన రంగు చూసి కొలవాలి, ఆ లేత నీలాల్లో ఏది ఏదో తేల్చలేం. నాచుకు అసలు మేత ఫాస్ఫేటే కదా, అది ఉండే డీఏపీ ఎరువు పొలాల నుంచి కొట్టుకొచ్చే వానాకాలంలో చూడాల్సిందీ అదే. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసే నలుపు తెలుపు పళ్లెం ఇవ్వలేదు. పాత స్టీలు ప్లేటుకు పెయింట్ వేసుకున్నా. మూడు స్టార్లే ఇస్తా.