పెట్రోలు ట్యాంకు డీగ్యాసింగ్: ఆవిరిని కాల్చాలా, కార్బన్‌లో పట్టాలా, చల్లబరచాలా?

30 మీటర్ల వ్యాసం ఉన్న ఫ్లోటింగ్ రూఫ్ (ద్రవం మీద తేలే కప్పు) పెట్రోలు ట్యాంకు ఒకటి అనుకుందాం. క్లీనింగ్ కోసం ఖాళీ చేశారు. లోపల మిగిలిన ఆవిరిని ముందు తీసేయాలి, దీన్నే డీగ్యాసింగ్ అంటారు. రూఫ్ కాళ్ల మీద నిలబడింది, దాని కింద 2 మీటర్ల ఎత్తు మిగిలింది. అంటే సుమారు 1,400 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల వేడిలో అందులో 40 శాతం దాకా పెట్రోలు ఆవిరే ఉండొచ్చు. తూకం వేస్తే ఒకటిన్నర టన్ను. మ్యాన్‌హోల్ తెరిచి బ్లోయర్ పెట్టేస్తే పని త్వరగానే అవుతుంది, కానీ ఈ ఆవిరి గాలి కన్నా రెండింతలకు పైగా బరువు. పైకి పోదు, ట్యాంకు చుట్టూ కట్టే డైక్ గోడల మధ్య పేరుకుని నిప్పు కోసం చూస్తూ ఉంటుంది. కాబట్టి వదిలేయడం అన్న దారిని పక్కన పెడదాం.

ఏ యంత్రం తెప్పించాలన్న చర్చకు ముందు అడుగున మిగిలిన ద్రవం సంగతి తేలాలి. ఈ ట్యాంకు అడుగున 1 మిల్లీమీటరు పెట్రోలు నిలిచినా అది 700 లీటర్లు, అర టన్నుకు పైమాట. 3 మిల్లీమీటర్లు నిలిస్తే పైనున్న ఆవిరంత సరుకు కిందే ఉన్నట్టు. లైన్లకు బ్లైండ్లు (పైపును మూసే బిళ్లలు) వేశాక, సంప్‌లో (అడుగున ఉండే గుంటలో) ఉన్నదంతా వాక్యూమ్ ట్రక్కుతో లాగేశాక, వీలైతే డీజిల్‌తో ఒకసారి కడిగాక (డీజిల్ పెట్రోలును తనలో కలుపుకుని ఆవిరి పీడనాన్ని దించుతుంది) అప్పుడు యంత్రం ఆన్ చేయాలి. ఇది చేయకపోతే ఏ యంత్రమైనా రోజుల తరబడి తిరుగుతూనే ఉంటుంది, బిల్లూ పెరుగుతూనే ఉంటుంది.

ఇక కార్బన్, అంటే ఆవిరిని పట్టుకునే యాక్టివేటెడ్ బొగ్గు. చూడ్డానికి ఇదే సులువు: నిప్పు లేదు, కదిలే భాగాలు లేవు, డ్రమ్ములు వరుసగా కలిపితే చాలు. లెక్క వేస్తేనే అసలు విషయం బయటపడుతుంది. పెట్రోలు ఆవిరికి కార్బన్ తన బరువులో 10 శాతం పట్టుకుంటుందని అనుకుంటే ఒకటిన్నర టన్నుకు 15 టన్నుల కార్బన్ కావాలి. 900 కిలోల పెట్టెలైతే 17. పైగా 40 శాతం ఆవిరి ఒక్కసారిగా తగిలితే కార్బన్ వేడెక్కి, బెడ్‌లోనే నిప్పు రాజుకోవచ్చు. తేమ ఇంకో పోటీదారు. గాలిలో తేమ 50 శాతం దాటితే కార్బన్ సత్తా తగ్గుతుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో 70 దాటడం మామూలే. మొదటి పెట్టె నుంచి ఆవిరి దాటిపోవడాన్ని కనిపెట్టాలంటే రెండో పెట్టె వెనకాల పెట్టి, రెంటి మధ్య రీడింగ్ తీస్తూ ఉండాల్సిందే. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి తేలిక సరుకు ముందే జారుకుంటుంది.

చల్లబరచడం వినడానికి బాగుంటుంది, పెట్రోలు తిరిగి చేతికొస్తుంది కదా. కానీ ఈ ఆవిరిలో ఎక్కువ పాలు బ్యూటేన్, పెంటేన్. మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా బ్యూటేన్ ఆవిరి పీడనం 45 కిలోపాస్కల్స్ ఉంటుంది. మైనస్ 70కి దించినా 2 కిలోపాస్కల్స్ పైనే. అంటే చివర్లో ఇంకో యంత్రం తప్పదు. గాలిలోని నీరు మంచై కాయిల్‌ను మూసేస్తుంది. మొత్తం పట్టగలిగినా దక్కేది రెండున్నర వేల లీటర్ల లోపే. ఒక్క ట్యాంకు కోసం ఇంత తతంగం దండగ. ఏడాది పొడవునా లోడింగ్ జరిగే చోట శాశ్వతంగా పెట్టుకుంటే ఆ సంగతి వేరు.

ఆవిరినే ఇంధనంగా తాగే ఇంజిన్ యూనిట్లు చిన్న ట్యాంకులకు చక్కగా సరిపోతాయి. 8 లీటర్ల ఇంజిన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ లోడ్ మీద గంటకు 23 కిలోలు కాలుస్తుంది. మన ట్యాంకుకు ఒక్క ఇంజిన్‌తో 65 గంటలు. లోడ్ లేకుండా తిప్పితే తాగేది చాలా తక్కువ. ఈ సంగతి చాలా కొటేషన్లలో కనబడదు.

పెద్ద పెట్రోలు ట్యాంకుకు మా ఓటు థర్మల్ ఆక్సిడైజర్‌కే (ఆవిరిని కాల్చేసే యంత్రం), అదీ చిక్కటి ఆవిరిని నేరుగా బర్నర్‌కు తీసుకునే రకానికి. 800 డిగ్రీల దగ్గర, ఒక సెకను నిలకడతో 98 శాతానికి పైగా కాలిపోతుంది. దీన్ని ఎంచేటప్పుడు బ్లోయర్ ఎంత లాగుతుందని కాదు, బర్నర్ ఎంత వేడి మోస్తుందని అడగండి. 3 మెగావాట్ల యూనిట్ మొదట్లో గంటకు 220 ఘనపు మీటర్లకు మించి తీసుకోలేదు. అంతకన్నా లాగితే వేడి మితిమీరి ట్రిప్ అవుతుంది. ఆవిరి పలచబడే కొద్దీ ఫ్లో పెంచాలి. మొత్తం కాలడానికి ఆరేడు గంటలు, తరవాత పలచటి భాగానికి ఇంకొన్ని. ఆ చివర్లో మంట ఆరిపోకుండా ఎల్‌పీజీ తోడు కావాలి. ట్యాంకు లోపలి ఆవిరి 40 శాతం నుంచి దిగుతూ 7.6 నుంచి 1.4 శాతం మధ్య పేలుడు పరిధిలోంచి పోయి తీరుతుంది. హోస్‌లో డిటొనేషన్ అరెస్టర్ (మంట వెనక్కి ట్యాంకులోకి పాకకుండా ఆపేది), హోస్‌కూ ట్యాంకుకూ బాండింగ్ (స్టాటిక్ నిప్పురవ్వ రాకుండా తీగతో కలపడం) లేకుండా ఈ గంటలు గడపకూడదు. నత్రజనితో ముందు నెట్టగలిగితే ఇంకా మంచిది. క్రూడ్ ట్యాంకు అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, ముందు కాస్టిక్ స్క్రబ్బర్ (ఆవిరిని క్షార ద్రావణంతో కడిగేది) పెట్టాలి.

ఎక్కడిదాకా దించాలి? హ్యూస్టన్ పరిసరాల్లో టెక్సాస్ నిబంధన మీథేన్ లెక్కలో 34,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు), లేదా ఎల్‌ఈఎల్‌లో (పేలుడు పరిధి కింది అంచు) సగం. లాస్ ఏంజెలిస్ ప్రాంతపు రూల్ 1149 మాత్రం 5,000 పీపీఎం, అదీ గంటపాటు నిలవాలి. ఏడింతల తేడా కనిపించినా, గాలి బాగా కలిస్తే రెండు సార్లు ట్యాంకు గాలి మారడంతో సరి. 34,000 దగ్గర మన ట్యాంకులో మిగిలే ఆవిరి 25 కిలోలే. కార్బన్‌కు అసలు చోటు ఇక్కడే: ఆక్సిడైజర్‌ను ఎల్‌పీజీతో మండిస్తూ కూర్చోకుండా ఒకటో రెండో పెట్టెలతో ముగించవచ్చు.

రీడింగుల్లో మోసం ఉంది. మామూలు క్యాటలిటిక్ ఎల్‌ఈఎల్ మీటరు ఆక్సిజన్ చాలని చిక్కటి ఆవిరిలో ముల్లు పైకి లేచి సున్నాకు పడిపోతుంది, నత్రజనిలో అసలు పనిచేయదు. ఇన్‌ఫ్రారెడ్ మీటరు, మీథేన్ లెక్కకు ఎఫ్‌ఐడీ (ఆవిరిని చిన్న మంటలో కాల్చి కొలిచే మీటరు) వాడాలి. సక్షన్ కింది మ్యాన్‌హోల్ నుంచి తీసుకుని, గాలి ఎదురుగా పైనుంచి రావాలి. పక్కనే వస్తే యంత్రం తాజా గాలిని లాగుతూ మంచి రీడింగ్ చూపిస్తుంది. ఫిక్స్‌డ్ రూఫ్ ట్యాంకులు చాలావరకు 25 మిల్లీమీటర్ల నీటిమట్టం వాక్యూమ్‌కు మించి ఓర్వవు, గాలి దారి మూసుకుపోతే రూఫ్ లోపలికి నలుగుతుంది.

సక్షన్ ఆపి గంట తరవాత మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే ఎక్కడో ద్రవం దాగి ఉంది: బోలు కాళ్లు, గైడ్ పోల్ (రూఫ్ తిరగకుండా ఆపే స్తంభం), కారిన పాంటూన్లు (రూఫ్‌ను తేల్చే బోలు గదులు), రూఫ్ అంచు సీల్ ఫాబ్రిక్, స్లడ్జ్ కింద తడి. పాంటూన్లను ముందు తెరిచి చూడండి, ఎక్కువగా దొరికేది అక్కడే.