హ్యుమానిటీసా, సోషల్ సైన్సెసా: డిగ్రీకి ఏది మేలు?

యూనివర్సిటీలో చేరబోయేవాళ్లు చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. సైన్సూ కామర్సూ కానిదంతా ఒకటేనన్నట్టు. అప్లికేషన్ ఫారం కూడా ఇందులో సాయపడదు. చరిత్ర ఒకచోట ఆర్ట్స్ ఫ్యాకల్టీలో ఉంటుంది, ఇంకోచోట సోషల్ సైన్సెస్‌లో. అందుకే పేర్లు పక్కనపెట్టి, చేరాక వారమంతా కూర్చుని చేసే పనేమిటో చూడాలి. అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

హ్యుమానిటీస్ అంటే సాహిత్యం, తత్వశాస్త్రం, భాషలు, కళలు. చరిత్రను కూడా నేను ఇటే వేస్తాను. ఇక్కడ పనంతా ఎవరో ఎప్పుడో రాసినదాన్ని పట్టుకుని చదవడమే. 'కాన్‌స్టంటైన్ దానపత్రం' సంగతి తీసుకోండి. నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ దేశాల మీద అధికారాన్ని పోపుకు రాసిచ్చాడని ఆ పత్రం చెబుతుంది. మధ్యయుగాల్లో పోపులు దాన్ని చూపించి హక్కులు అడిగారు. 1440లో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా అది దొంగ పత్రమని తేల్చాడు. కొత్త సాక్షి ఎవరూ దొరకలేదు. ఉన్న పత్రాన్నే జాగ్రత్తగా చదివాడు. అందులో రోమ్ అధికారులను 'సత్రప్'లన్నారు. అది పర్షియా గవర్నర్ల బిరుదు, కాన్‌స్టంటైన్ నాటి రోమ్‌లో తమ అధికారులను ఎవరూ అలా పిలవరు. పత్రం రాశామంటున్న నాటికి ఇంకా వెలియని కాన్‌స్టాంటినోపుల్ నగరం కూడా అందులో ఉంది. లాటిన్ చూస్తే ఆ కాలపుది కాదు.

హ్యుమానిటీస్ విద్యార్థి నేర్చుకునేది ఈ చూపే. ఇది ఎవరు రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఏది చెప్పకుండా వదిలేశారు? సెమినార్‌కి ముందు వందల పేజీలు చదవాలి, తర్వాత ఎస్సే రాయాలి. తిరిగొచ్చిన ఎస్సే పక్కన 'దీనికి ఆధారమేది?' అని ఎర్ర ఇంకుతో ఉంటుంది. నచ్చని విషయమేమిటంటే, రాసింది ఒప్పో తప్పో గట్టిగా చెప్పేవాళ్లు ఉండరు. ఒకే ఎస్సేకి ఇద్దరు ప్రొఫెసర్లు వేర్వేరు మార్కులు వేస్తారు, ఇద్దరి దగ్గరా కారణాలుంటాయి. అది భరించలేనివాళ్లకు మూడేళ్లూ టెన్షనే.

సోషల్ సైన్సెస్‌లో టెన్షన్ వేరే రకం. ఎకనామిక్స్, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, సైకాలజీ, ఏది తీసుకున్నా చాలాచోట్ల స్టాటిస్టిక్స్ పేపర్ తప్పదు. 'లెక్కలంటే భయం, అందుకే ఇటొచ్చా' అనేవాళ్లు మొదటి ఏడాదే ఇక్కడ చిక్కుకుంటారు. ఎందుకింత పట్టుబడతారో 1936 అమెరికా ఎన్నికలు చెబుతాయి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్‌ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కు పోయాయి. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కారు యజమానుల జాబితాల నుంచీ. పైగా జవాబిచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు ఒకే రకం మనుషులు కారు. అంతకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో గాలప్ సర్వే విజేతను సరిగ్గా చెప్పింది.

నాకు ఇంకా నచ్చే ఉదాహరణ ఓ హోంవర్క్‌ది. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని రైన్‌హార్ట్, రోగోఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో రాశారు. ఖర్చులు తగ్గించాలనే నాయకులకు అది ఆయుధమైంది. మసాచుసెట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు పనిలో భాగంగా ఆ లెక్కను మళ్లీ కట్టబోతే కుదరలేదు. స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములాలో కొన్ని వరసలు పడలేదు, ఐదు దేశాలు బయటే ఉండిపోయాయి. దాంతోపాటు పద్ధతిలో లోపాలని తాము భావించినవీ సరిచేస్తే సగటు 2.2 శాతం వస్తుందని ఆయనా ఇద్దరు ప్రొఫెసర్లూ 2013లో చూపించారు. స్ప్రెడ్‌షీట్ తప్పును మూల రచయితలు ఒప్పుకున్నారు, మిగతావాటి మీద వాదించారు. ప్రొఫెసర్ తప్పును విద్యార్థి చూపించగల అవకాశం, అది అంకెతో తేలడం, ఈ చదువులో గొప్ప సుఖం.

అలాగని అంకె ఉన్నచోటల్లా నిజం ఉందనుకోవద్దు. సైకాలజీలో అచ్చయిన 100 పరిశోధనలను మళ్లీ చేసి 2015లో ఫలితాలు ప్రకటిస్తే, గణాంకపరంగా నిలబడినవి మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, 36 శాతం.

మధ్యలో ఆంథ్రోపాలజీ, అంటే మానవశాస్త్రం, ఉంది. అంకెల కంటే మనుషుల మధ్య ఉండి చూడటం దాని పద్ధతి. మాలినోవ్‌స్కీ అనే పరిశోధకుడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఆ భాష నేర్చుకున్న దగ్గర్నుంచి అది ఆ చదువుకు గుర్తైపోయింది. చదవడమూ, జనంతో మాట్లాడటమూ రెండూ ఇష్టమైతే అటు చూడండి.

ఉద్యోగాల సంగతి పెద్దగా సాగదీయను. రెండు డిగ్రీల్లో ఏదీ మెడిసిన్‌లా పట్టా చేతికి రాగానే ఒక వృత్తిలో నిలబెట్టదు. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ఉంటే మొదటి ఉద్యోగానికి ఏమని అప్లై చేయాలో తొందరగా తెలుస్తుంది. టీచింగ్, జర్నలిజం, లా, ప్రభుత్వ ఉద్యోగాల వైపు అయితే ఎటు నుంచి వెళ్లినా పెద్ద తేడా ఉండదు.

ఎటూ తేల్చుకోలేనివాళ్లకు నేను సోషల్ సైన్సే చెబుతాను. కారణం, ఇటు నుంచి అటు మారడం తేలిక. సోషియాలజీ డిగ్రీతో చరిత్రలో పీజీకి వెళ్లేవాళ్లు ఉన్నారు. చరిత్ర డిగ్రీతో ఎకనామిక్స్ పీజీకి వెళ్లాలంటే కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా అడ్డొస్తాయి. అవి సొంతంగా, సాయంత్రాలు కూర్చుని నేర్చుకోవడం మహా కష్టం. ఎలక్టివ్‌లలో మాత్రం ఏడాదికొక తత్వశాస్త్రమో సాహిత్యమో పెట్టుకోవాలి. రాయడం ఒంటరిగా చదువుకుంటే రాదు, ఎవరో ఒకరు ఎర్ర ఇంకు పెట్టాల్సిందే.

ఈ సలహా తిరగబడే చోటు ఒకటుంది. ప్రాచీన, మధ్యయుగ చరిత్ర మీద మనసున్నవాళ్లు ఆగకూడదు. ఆ పనికి లాటినో, పర్షియనో, సంస్కృతమో కావాలి. అవీ సాయంత్రాల్లో వచ్చేవి కావు, మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి.

అప్లికేషన్ పెట్టే ముందు మూడో ఏడాది సిలబస్, పాత ప్రశ్నపత్రాలు తెప్పించుకుని చూడండి. మొదటి ఏడాది పేపర్లు ఎక్కడైనా ఆకర్షణీయంగానే ఉంటాయి. 'పరిశోధనా పద్ధతులు' అనే పేపర్‌లో ఏం నేర్పుతారో తప్పకుండా చదవండి. అందులో రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) ఉందా, పాత రాతప్రతులు చదవడం ఉందా, ఇంటర్వ్యూలు చేయడం ఉందా? అది చదువుతుంటే మీకు ఆవలింతలు వస్తే, ఆ డిపార్ట్‌మెంట్ పేరు ఎంత బాగున్నా వదిలేయండి.