ముగింపు తేదీ గడితో ఏడేళ్లు

మా జిల్లా వెబ్‌సైట్ 2018లో ఎస్‌త్రీవాస్ మీదికి మారింది. అప్పటి నుంచి కలెక్టరేట్‌లో నోటీసులు ఎక్కించే పని నాదే. ప్రభుత్వ సైట్లు కట్టుకుని నడుపుకోవడానికి ఎన్‌ఐసీ వాళ్లు, అంటే ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే కేంద్ర సంస్థ, ఇచ్చిన ప్లాట్‌ఫాం అది. జిల్లాల సైట్లు చాలావరకు దీని మీదే నడుస్తున్నాయి కాబట్టి అంతకంటే చెప్పి విసిగించను. ఈమధ్య వేరే శాఖలో పనిచేసే మిత్రుడొకడు, తమ సైట్‌ను కూడా దీని మీదికి మార్చాలంటున్నారని, ఎలా ఉంటుందని అడిగాడు. నాకు అందులో బాగా నచ్చింది ఒక్క గడి. నోటీసు పెట్టేటప్పుడు ప్రారంభ తేదీ పక్కనే ముగింపు తేదీ అడుగుతుంది చూడండి, అది.

పాత సైట్ నడిపినవాళ్లకే ఈ గడి విలువ తెలుస్తుంది. అప్పట్లో అడ్రస్ చివర డాట్ నిక్ డాట్ ఇన్ అని ఉండేది. పేజీలన్నీ చేత్తో రాసినవే. సెక్షన్‌లో సంతకమైన నోటీసు స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎన్‌ఐసీ గదికి వెళ్తే, అక్కడ సార్ వీడియో కాన్ఫరెన్స్‌లో ఉండేవారు. సాయంత్రానికి ఎక్కితే ఎక్కినట్టు. సరే, ఎక్కించడానికి అందరూ తొందరపెట్టేవారు. తీసేయమని మాత్రం ఒక్కరూ అడిగేవారు కాదు. దాంతో హోం పేజీలో నాలుగైదేళ్ల నాటి టెండర్లు కూడా ఉండేవి, పక్కన ఎర్రగా మిణుకుమిణుకుమంటూ ‘న్యూ’ అని ఒక బొమ్మతో సహా. ఒకసారి ఒకాయన ఫోన్ చేసి, డీడీ ఎవరి పేరున తీయాలని అడిగాడు. ఏ టెండరు సార్ అంటే, పని పూర్తయి, బిల్లు కూడా పాసైపోయిన రోడ్డు చెప్పాడు.

కొత్తదాంట్లో ఆ తలనొప్పి పోయింది. ముగింపు తేదీ దాటితే నోటీసు తనంతట తానే జాబితాలోంచి తప్పుకుని ఆర్కైవ్‌లో, అంటే పాత నోటీసుల అరలో, చేరుతుంది. మొదట్లో పొద్దున్నే రాగానే, టీ కూడా తాగకుండా, సైట్ తెరిచి చూసేవాణ్ణి. రాత్రి ఎవరో వచ్చి ఇల్లు ఊడ్చి వెళ్లినట్టు ఉండేది. పక్క జిల్లాల ఆపరేటర్లకు ఫోన్ చేసి మరీ చెప్పాను, ఇక సైట్ గురించి మనం ఆలోచించే పనే లేదని.

ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

మూడేళ్ల కిందట కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తుకు ఆఖరు తేదీ 17. నోటిఫికేషన్, దాని వెనక దరఖాస్తు ఫారం, మొత్తం పద్నాలుగు పేజీలు ఒకే ఫైలు. ముగింపు తేదీ 17 అనే ఇచ్చాను. 16వ తేదీ సాయంత్రం గడువు వారం పొడిగించామంటూ ఒక సవరణ కాగితం వచ్చింది. ఇంటికి బయల్దేరే టైం. దాన్ని వేరే నోటీసుగా ఎక్కించి, దానికి ముగింపు తేదీ 24 వేసి వెళ్లిపోయాను. అసలు నోటిఫికేషన్ తెరిచి, దాని తేదీ కూడా మార్చాలన్న ఆలోచనే రాలేదు.

17వ తేదీ రాత్రి పన్నెండు దాటాక గడి తన పని తాను చేసింది. 18న పొద్దున సైట్‌లో మిగిలింది ఆ ఒక్క పేజీ సవరణ. గడువు ఉంది, ఫారం లేదు.

తొమ్మిదిన్నరకే ఫోన్లు మొదలు. ‘అన్నా, ఫారం తీసేశారంట, లోపల ఇచ్చేసుకున్నారా?’ అని ఒకడు. ‘గడువు పెంచింది మీవాళ్ల కోసమేనా?’ అని ఇంకొకడు. ఎవరికి ఏం చెప్పినా నమ్మే పరిస్థితి లేదు. ఆ పిల్లల స్థానంలో నేనున్నా అదే అనుకునేవాణ్ణి. ఆర్కైవ్‌లో ఉంది, అక్కడ నొక్కండి అంటే, ‘ఆర్కైవ్ అంటే?’ అన్నారు. నిజమే, ఆ బటన్ నొక్కేది ఆడిటప్పుడు మేమే.

తేదీ మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. పదిన్నరకల్లా సైట్‌లో నోటిఫికేషన్ మళ్లీ కనిపించింది. హమ్మయ్య అనుకుని టీకి వెళ్లాను. పన్నెండున్నరకి ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. రెండు బస్సులు మారి వచ్చారట. ‘బాబూ, ఊళ్లో నెట్ సెంటర్‌లో రావట్లేదు, ఇక్కడైనా కాగితం ఇస్తారా?’ అన్నారు. ‘వచ్చేసిందండీ, చూడండి’ అని నా మానిటర్ వాళ్లవైపు తిప్పాను. ఆ అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టింది. అందులో లేదు. రిఫ్రెష్ కొట్టాను, లేదు. అప్పుడు చూశాను పైన: ఆమె తెరిచింది తెలుగు పేజీ.

మాకు ఇంగ్లిషు నోటీసు వేరు, తెలుగు నోటీసు వేరు. ఒకే నోటీసును రెండుసార్లు ఎక్కించి, రెండిటికీ తేదీలు విడివిడిగా ఇవ్వాలి. నేను ఇంగ్లిషుది మార్చి చేతులు దులుపుకున్నాను. పొద్దుటి నుంచి నన్ను తిట్టినవాళ్లలో సగం మంది తెలుగు పేజీ చూస్తున్నవాళ్లే అయ్యుంటారు. పెద్దాయనకి ఫారం ప్రింటు తీసి ఇచ్చి, తర్వాత తెలుగుది సరిచేశాను. ఆయన డబ్బులెంతని అడిగారు. దానికంటే నాలుగు మాటలు అనేసినా బాగుండేదనిపించింది.

తప్పు ప్లాట్‌ఫాందా? కాదు. ఇచ్చిన తేదీకి తీసేయమన్నాను, తీసేసింది. కానీ పాత సైట్‌లో అయితే ఈ గొడవ వచ్చేది కాదన్నదీ నిజమే. చెత్తతో పాటు పనికొచ్చేదీ అక్కడే పడి ఉండేది. అప్పటి నుంచి పోస్టుల నోటిఫికేషన్ దేనికైనా ఆఖరు తేదీకి నెల కలిపి వేస్తున్నాను. దాంతో గడువు అయిపోయినవి కూడా కొన్నాళ్లు కనబడుతుంటాయి, పాత రోగం కొంచెం తిరగబెట్టినట్టే. ఉండనీ.

ఇంకో సంగతి, నచ్చనిది కాదుగానీ చెప్పాలి. ఎస్‌త్రీవాస్ పేరులో మూడు ‘ఎస్’లున్నాయి, మూడోది సుగమ్య. చూపులేనివాళ్లు కూడా తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడుకునేలా తీర్చిన సైట్ అన్నమాట. పేజీ వరకు ఆ మాట నిజం. కానీ మేం పేజీలో పెట్టేదేంటి? సెక్షన్‌లో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం, సీలు వేయించి, మళ్లీ స్కాన్ చేసిన కాగితం. రీడర్‌కి అదొక ఫొటో, అంతే. పోనీ ఆ టైపు చేసిన తెలుగునే తెచ్చి పేజీలో అతికిద్దామంటే అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు కదా, ‘కలెక్టర్’ అన్న మాట కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలుగా పడుతుంది. మొదట్లో సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 కింద పెట్టాల్సిన 17 అంశాల్లో తెలుగువన్నీ ఇంట్లో కూర్చుని మళ్లీ టైపు చేశాను. అదనపు జీతమేమీ రాలేదు, కానీ యూనికోడ్ టైపింగ్ మాత్రం వచ్చింది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఈ పద్ధతి ఎంత సుఖమో తెలిసింది. విడిపోయిన జిల్లాకి సైట్ చట్రం సిద్ధంగానే ఉంది, గోడలు కట్టే పని లేదు. సామాను సర్దుకోవడానికే నెలలు పట్టింది. మా జాబితాలోంచి మండలాలు తీసేశాం గానీ, వాటి గుళ్లూ జలపాతాల ఫొటోలు చాన్నాళ్లు మా దగ్గరే ఉండిపోయాయి.

మిత్రుడికి మారమనే చెప్పాను. అయితే నాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, రోజుకు రెండు మూడు నోటీసుల పని, పక్క గదిలోనే ఎన్‌ఐసీ ఉంది. ఇంటి పన్నులు కట్టించుకునే మున్సిపాలిటీ సైట్‌లాంటిదైతే నా మాట పట్టుకుని దిగొద్దు, నేను చూడలేదు. రెండు భాషల్లో నోటీసులు పెట్టేవాళ్లైతే పక్కన ఒక పుస్తకం పెట్టుకోమన్నాను. నా పుస్తకంలో ఈ నెలాఖరుకి తేదీ అయిపోయేవి నాలుగున్నాయి. తెలుగువి కూడా కలిపితే ఎనిమిది.