వివిట్రాల్ ఇంజెక్షన్: చాలాకాలం వాడాక చెప్పగలిగేది

తాగుడు మానడానికి అమెరికాలో నెలనెలా వేసే వివిట్రాల్ పనిచేస్తుందా అంటే, చేస్తుందనే చెప్తాను. అయితే మందు ఎంత మంచిదైనా కలిపే చెయ్యి, గుచ్చే చోటు, వేసే తేదీ, ఈ మూడింట్లో ఏది తేడా కొట్టినా డబ్బు దండగై పిర్ర నొప్పి మిగులుతుంది. బ్రోచర్లో మందు గొప్పతనం పెద్దక్షరాల్లో ఉంటుంది. ఈ మూడూ వాడినవాళ్లకే తెలిసొస్తాయి.

లోపలున్నది నాల్ట్రెక్సోన్. మాత్రగా, రోజుకి 50 మి.గ్రా. చొప్పున, 1994 నుంచీ అమెరికాలో తాగుడుకి ఇస్తున్నదే. మాత్రతో తంటా ఏమిటంటే, శనివారం రాత్రి పార్టీ ఉందని తెలిస్తే శనివారం పొద్దున దాన్ని మింగకుండా వదిలేయొచ్చు. ఇంజెక్షన్‌లో ఆ సందు లేదు. ఆపరేషన్లో వేసే కరిగిపోయే కుట్ల దారం ఏ జాతి పదార్థమో, అలాంటి పదార్థంతో చేసిన సన్నటి రేణువుల్లో 380 మి.గ్రా. మందు ఇరికించి, పిర్ర కండలోకి పంపిస్తారు. రేణువులు కరిగేకొద్దీ మందు విడుదలవుతూ ఉంటుంది. తాగుడు వదిలించడానికి 2006లో, నల్లమందు జాతి మందుల అలవాటుకి 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. నా మట్టుకు దీని అసలు విలువ రోజూ పొద్దున్నే "మింగాలా, వద్దా" అన్న బేరం లేకుండా పోవడమే.

మన ఇళ్లల్లో ఒక అపోహ గట్టిగా ఉంది: "ఆ సూది వేయించుకుని తాగితే ప్రాణం మీదకొస్తుంది" అని. అది డైసల్ఫిరామ్ అనే ఇంకో మందు సంగతి. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పట్టుకుంటుంది. (దాన్ని మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టడం చాలా ప్రమాదం, ఎవరు సలహా ఇచ్చినా సరే.) నాల్ట్రెక్సోన్ మీద తాగితే అలాంటి దండనేమీ ఉండదు. కిక్కు తగ్గుతుంది, అంతే. మొదటి పెగ్గు అయ్యాక రెండోదాని కోసం లాగే లాగుడు పలచబడుతుంది, గ్లాసు సగంలో వదిలేయడం వీలవుతుంది. కానీ కిక్కు లేనంత మాత్రాన మత్తు లేనట్టు కాదు. రక్తంలో ఆల్కహాల్ ఎప్పటిలాగే ఎక్కుతుంది, కాళ్లూ చేతులూ తడబడతాయి, పోలీసు ఊదిస్తే తాగినంతా చూపిస్తుంది. "నాకేం ఎక్కలేదు" అని కారు తీసేవాళ్లకి ఈ మందు మరింత ప్రమాదం.

ఎంత పనిచేస్తుందో లెక్కలో చూద్దాం. 2005లో వెలువడిన, 624 మందితో ఆరు నెలలు సాగిన ట్రయల్‌లో ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్లతో పోలిస్తే బాగా తాగే రోజులు 25 శాతం తగ్గాయి. మగవాళ్లు 5, ఆడవాళ్లు 4 డ్రింకులు గానీ అంతకు మించి గానీ తాగిన రోజుని బాగా తాగిన రోజుగా లెక్కేశారు. ఇందులో అందరికీ కౌన్సెలింగ్ కూడా ఇచ్చారు, అది మర్చిపోకూడదు. మొదలుపెట్టేముందు వారం రోజులు తాగకుండా ఉన్నవాళ్లకి ఫలితం ఇంకా బాగుంది. అందుకే తాగుతూ తాగుతూ వచ్చినవాళ్లకి మొదటి డోసు వేయరు. అలాగని రోజూ గట్టిగా తాగే మనిషి సూది కోసమని ఇంట్లోనే ఉన్నట్టుండి మానేయకూడదు. వణుకు, ఫిట్స్, రెండు మూడు రోజులకి పిచ్చి మాటలు, లేనివి కనిపించడం, ఇవి ప్రాణాంతకం. వాటికి నాల్ట్రెక్సోన్ మందు కాదు. ముందు డాక్టరు పర్యవేక్షణలో డీటాక్స్ (ఒంట్లోంచి మద్యం క్షేమంగా దింపే చికిత్స), తర్వాతే ఇది. లివర్ పరీక్ష కూడా ముందే చేయించుకోవాలి.

ఒకసారి గుచ్చాక వెనక్కి తీసే దారి లేదు. పడుతుందో లేదో చూడ్డానికి కొందరు డాక్టర్లు ముందు కొన్నాళ్లు మాత్రలిస్తారు. తప్పనిసరి కాదు గానీ, అడిగి మరీ చేయించుకోదగ్గ పని.

ఇక గుచ్చే రోజు. ఇది ఇంట్లో వేసుకునేది కాదు, నర్సో డాక్టరో వేయాలి. కానీ వాళ్లు ఏం చేయాలో మీకూ తెలిసి ఉండాలి. కిట్‌ని ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచి, ముప్పావుగంట ముందు బయట పెట్టాలి. కలిపే ద్రవం అసలే చిక్కన, చల్లగా ఉంటే మరీ మొండికేస్తుంది. పొడి సీసాని గట్టి బల్ల మీద తట్టి పొడి విడివడేలా చూడాలి. 3.4 మి.లీ. ద్రవం అందులోకి ఎక్కించి, ఒక నిమిషం పాటు గట్టిగా ఊపాలి. ఊరికే తిప్పితే చాలదు. పాలలా తెల్లగా, ఉండల్లేకుండా, సీసా గోడల మీంచి జారుతూ కనిపించాలి. 4.2 మి.లీ. లాగి, సూది మార్చి, బుడగలు తీసి, సిరంజిలో 4 మి.లీ. మిగిల్చి వెంటనే గుచ్చాలి. ఆలస్యం చేస్తే రేణువులు అడుగుకి చేరి సూది మూసుకుపోతుంది. దానికోసమే కిట్‌లో అదనపు సూదులుంటాయి, బయటి సూది వాడకూడదు.

సూదులు రెండు పొడవుల్లో ఉంటాయి, ఒకటిన్నర అంగుళం, రెండంగుళాలు. మందు కండలో పడాలి. కొవ్వులో పడితే గడ్డ కట్టి, ఒక్కోసారి పుండై, చర్మం కుళ్లి ఆపరేషన్ దాకా పోతుంది. పిర్ర మీద కొవ్వు ఎక్కువున్నవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఈ ముప్పు ఎక్కువ. "నాకు ఏ సూది వాడుతున్నారు?" అని అడగడానికి మొహమాటపడొద్దు. ఈ నెల కుడివైపైతే వచ్చే నెల ఎడమవైపు. ఫోన్‌లో రాసిపెట్టుకోండి, క్లినిక్ చీటీలో ఒక్కోసారి ఉండదు.

గుచ్చిన చోట నొప్పి, చేతికి తగిలే గట్టితనం కొన్నాళ్లు మామూలే. రోజురోజుకీ పెరిగినా, రెండు వారాలకీ తగ్గకపోయినా, నల్లబడినా, బొబ్బ లేచినా ఆగకుండా చూపించుకోవాలి. వికారం మొదటి డోసుకే ఎక్కువ, కొన్నాళ్లలో సర్దుకుంటుంది. ఆ రోజుల్లో వేపుళ్లు పక్కన పెట్టి పెరుగన్నంతో గడిపేస్తే హాయి. తలనొప్పి, నీరసం, ఆకలి మందగించడం కూడా ఉంటాయి. మనసు మరీ దిగులుగా ఉన్నా, చావు ఆలోచనలొచ్చినా, ఉన్నట్టుండి దగ్గు, ఆయాసం మొదలైనా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

రక్తంలో మందు రెండు వారాలయ్యాక మెల్లగా తగ్గడం మొదలవుతుంది. నెల దాటినా కొంత ఉంటుంది గానీ, నా లెక్కలో నాలుగో వారమే పలచన. పాత దోస్తుల ఫోన్లకి మనసు అప్పుడే ఊగుతుంది. కౌన్సెలింగ్‌ని, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్ల బృందం) మీటింగుల్ని ఆ వారంలో ఎక్కువగా పెట్టుకోవడం మంచిది.

తేదీల గొడవ వేరే. డోసు నాలుగు వారాలకోసారి, లేదా నెలకోసారి. నాలుగు వారాల లెక్క పెట్టుకుంటే 28 రోజులకి ఒకటి. అంటే ఏడాదికి 13 సూదులు. కొన్ని ఇన్సూరెన్సులు 30 రోజుల లెక్కన కూర్చుంటాయి, అక్కడ రెండేసి రోజులు జారుతూ పోతాయి. వెల వెయ్యి డాలర్లు దాటే మందు కాబట్టి ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి లేకుండా కదలదు. క్లినిక్కే కొని బిల్లు వేస్తుందా, స్పెషాలిటీ ఫార్మసీ నుంచి తెప్పిస్తుందా అన్నది మొదట్లోనే తేల్చుకోండి, కోపే (మీ చేతినుంచి కట్టే వాటా) దాన్నిబట్టి మారుతుంది. హెచ్1బీ మీద ఉద్యోగం మారేవాళ్లు పాత ఇన్సూరెన్స్ ముగిసేలోపు ఒక డోసు వేయించుకుంటే కొత్త అనుమతి వచ్చేదాకా ఊపిరి తీసుకోవచ్చు.

ఇండియాకి పొడుగు సెలవు మీద వెళ్తుంటే బయల్దేరే ముందు డోసు వేయించుకుని, అది అయిపోయాక మాత్రలకి మారడం గురించి డాక్టరుతో మాట్లాడుకోండి. 50 మి.గ్రా. మాత్ర అక్కడ ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతుంది. కిట్ మోసుకెళ్లమని నేను చెప్పను. ఫ్రిజ్ బయట 25 డిగ్రీలు మించకుండా 7 రోజులే ఆగుతుంది, మన ఎండల్లో అది కుదిరే పని కాదు.

ఊళ్లో నడుం నొప్పికో పన్ను నొప్పికో పారాసిటమాల్‌తో కలిపిన ట్రమడాల్ రాసే అవకాశం ఉంది. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉండొచ్చు. ట్రమడాల్, కోడీన్ రెండూ నల్లమందు జాతివే, సూది బలం ఉండగా అవి పనిచేయవు. పనిచేయట్లేదని డోసు పెంచుకుంటూ పోతే ఊపిరే ఆగొచ్చు. తిరగేసి చూసినా అంతే: అవి వాడుతున్న మనిషికి ఈ సూది పడితే ఒళ్లంతా తిరగబడుతుంది. అందుకే కనీసం 7–10 రోజులు వాటికి దూరంగా ఉన్నాకే వేస్తారు. ముందే అనుకున్న ఆపరేషన్ ఉంటే నెల ముందే చెప్పి డోసు తేదీ జరిపించుకోవాలి. యాక్సిడెంటైతే చెప్పే స్థితిలో మీరుండకపోవచ్చు, నరం మొద్దుబార్చే పద్ధతో ఇంకో జాతి నొప్పి మందో వాళ్లే ఎంచుకోవాలి. కాబట్టి ఈ మందు పేరు, చివరి డోసు తేదీ ఉన్న కార్డు పర్సులో ఉండాలి, ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.